చెరకుతోటా, జనాభా పట్టికా: మారిషస్ దీవి కథ

మన ఊళ్ళలో భాషాభిమానులు సభ జరిపినప్పుడల్లా మారిషస్ దీవి పేరు ఒకసారైనా వినపడుతుంది. హిందూ మహాసముద్రం నడుమ, మనకు వేల మైళ్ళ దూరాన, ఉగాదికి ప్రభుత్వమే సెలవిచ్చే దేశం ఒకటున్నదని వక్త చెబుతాడు. సభ చప్పట్లు కొడుతుంది. మొన్న మా కళాశాలలోనూ ఇదే జరిగింది. మన పూర్వులు తెలుగు వెలుగును సముద్రాలకవతలికి మోసుకుపోయారని ఒక పెద్దమనిషి గంభీరంగా సెలవిచ్చాడు. సభ ముగిసిన తరువాత మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, వెలుగు మోసుకుపోవటానికేనా వాళ్ళు ఓడ ఎక్కింది? తిండి దొరక్క కాదాండీ?" అని అడిగాడు. ఆ కుర్రవాడికి వరండాలో నిలబడి ఇచ్చిన సమాధానం నాకే చాలలేదు. అందుచేత ఈ వ్యాసం.

మారిషస్‌ను గురించి లోకం చెప్పుకునే మాట ఇంకొకటి ఉన్నది. అనేక జాతులు, మతాలు, భాషలు ఇంద్రధనుస్సులోని రంగులలాగా కలిసి మెలిసి ఉన్న దేశమట అది. రెండు వేల చదరపు కిలోమీటర్ల నేలమీద పన్నెండు లక్షలకు పైగా జనం. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, చీనావారు. భోజ్‌పురి, తమిళం, తెలుగు, మరాఠీ, ఉర్దూ, ఫ్రెంచి, ఇంగ్లీషు, వీటన్నిటికీ మించి క్రియోలు. చూడటానికి రంగులు నిజమే. కాని ఇంద్రధనుస్సు ఆకాశంలో తనంతట తానే పుడుతుంది. మారిషస్ వైవిధ్యం అలా పుట్టలేదు. చెరకుతోటకు ఏ ఏ కాలంలో ఎటువంటి కూలి కావలసివచ్చిందో ఆ లెక్క ప్రకారం మనుషులను ఓడల్లో తెచ్చి దించారు. ఆ తరువాత వారిని వేరువేరు గళ్ళలో రాసి ఉంచారు. గళ్ళు గీసినవాడెవడు, అవి ఎవరికి ఉపయోగపడ్డాయి, వాటిని చెరిపే ప్రయత్నం ఎప్పుడెప్పుడు జరిగింది అన్నదే ఆ దేశ చరిత్రలో అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

ఆ దీవిలో ఆదివాసులెవరూ లేరు. అరబ్బు నావికులకు దాని ఉనికి తెలుసు, పోర్చుగీసులు చూసిపోయారు, కాపురమున్నవాడు లేడు. 1598లో డచ్చివారు దిగి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. 1638లో స్థావరం వేశారు. నల్లమానుకోసం అడవులు నరికారు, జావా నుంచి చెరకు తెచ్చి నాటారు, ఎగరలేని డోడో పక్షిని నామరూపాలు లేకుండా చేశారు, గిట్టుబాటు కాక 1710లో వెళ్ళిపోయారు. డోడోను గురించి ప్రపంచం కార్చిన కన్నీళ్ళలో పదోవంతు ఆ దీవి మనుషుల కోసం కార్చి ఉంటే బాగుండేది.

1715లో ఫ్రెంచివారు వచ్చి దానికి ఫ్రాన్సు దీవి అని పేరు పెట్టారు. లా బూర్దొనే గవర్నరుగా వచ్చిన 1735 నుంచి పోర్ట్ లూయీ రేవు, కోటలు, చక్కెర గానుగలు తయారయ్యాయి. వీటిని కట్టిన చేతులు మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ తీరం నుంచి తెచ్చిన బానిసలవి. పుదుచ్చేరి నుంచి కొందరు పనివాళ్ళు కూడా వచ్చారు. 1723లో అక్కడ అమలుకు వచ్చిన నల్లచట్టం ప్రకారం బానిస అంటే చరాస్తి. బండి, ఎద్దు, బానిస ఒకే జాబితాలోని వస్తువులు. పారిపోయినవాడికి మొదటిసారి చెవులు కోయటం, రెండోసారి మోకాలి నరం తెగ్గొట్టటం, మూడోసారి మరణం. అయినా పారిపోతూనే ఉన్నారు. దీవి నైరుతి మూలన లె మోర్న్ అనే కొండ ఉన్నది. పారిపోయినవారికి అదే ఆశ్రయం. 1835లో విముక్తి వార్త చెప్పటానికి వచ్చిన సిపాయిలను చూసి, పట్టుకుపోవటానికే వచ్చారనుకొని ఆ కొండమీద నుంచి దూకి చచ్చిపోయారని ఒక కథ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. జరిగిందో లేదో గాని, ప్రభుత్వం స్వేచ్ఛ అనే మాట చెప్పినా నమ్మలేని స్థితిలో వారు ఉన్నారన్నది ఆ కథలోని సత్యం.

ఫ్రెంచి విప్లవం స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాత్రం అని చాటింది గదా, ఆ చాటింపు ఈ దీవికి ఎంతవరకు చేరిందో చూడండి. 1794లో పారిసులో విప్లవ ప్రతినిధుల సభ బానిసత్వాన్ని రద్దు చేసింది. దాన్ని అమలు జరపటానికి 1796లో ఇద్దరు ప్రతినిధులు పోర్ట్ లూయీలో దిగారు. తోటల యజమానులు వారిని పట్టుమని పదిరోజులు కూడా ఉండనీయక మళ్ళీ ఓడ ఎక్కించి పంపేశారు. రాజును పడగొట్టినందుకు సంబరాలు చేసుకున్నవారే బానిసను విడిచిపెట్టమంటే తిరగబడ్డారు. 1802లో నెపోలియన్ బానిసత్వాన్ని తిరిగి ప్రతిష్ఠించి వారి బెంగ తీర్చాడు.

ఈ కాలంలోనే ఎవరూ తలపెట్టని ఒక సృష్టి జరిగింది. మడగాస్కర్ మనిషి, మొజాంబిక్ మనిషి ఒకే తోటలో పనిచేస్తున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. కొరడా పట్టినవాడి భాష ఫ్రెంచి. విన్న ఫ్రెంచి మాటలను తమ నోళ్ళకు అనుకూలంగా మలుచుకొని, తమ తమ భాషల పోకడలను వాటికి అతికి వారొక కొత్త భాషను కట్టుకున్నారు. అదే క్రియోలు. యజమానులు దాన్ని పాడైపోయిన ఫ్రెంచి అన్నారు. వ్యాకరణం లేని భాష అంటూ ఉండదని మన విద్యార్థులకు చెప్పనక్కరలేదు.

1810లో బ్రిటిషువారు దీవిని పట్టుకున్నారు. ఆ దండులో మన దేశపు సిపాయిలు కూడా ఉన్నారు. జెండా మారింది గాని తోటల యాజమాన్యం మారలేదు. ఫ్రెంచి భూస్వాముల ఆస్తికి, చట్టానికి, భాషకు, మతానికి బ్రిటిషువారు రక్షణ హామీ ఇచ్చారు. 1825లో మారిషస్ చక్కెరకు వెస్టిండీస్ చక్కెరతో సమానమైన సుంకం నిర్ణయించారు. దాంతో చెరకు దీవినంతా ఆక్రమించింది. సరిగ్గా ఆ సమయంలో బానిసత్వ నిషేధం వచ్చిపడింది. 1835 ఫిబ్రవరి 1న 60 వేలకు పైగా బానిసలు చట్టరీత్యా విముక్తులయ్యారు. నష్టపరిహారంగా 21 లక్షల పౌన్ల పైచిలుకు సొమ్ము చెల్లించారు. ఎవరికి? యజమానులకు. ఎముకలరిగేదాకా చాకిరీ చేసినవాడికి దమ్మిడీ ముట్టలేదు సరికదా, 1839 దాకా "శిక్షణ" పేరుతో అదే తోటలో ఉచితంగా పనిచెయ్యాలన్నారు. ఆ గడువు తీరగానే వారిలో అత్యధికులు తోట వదలిపోయారు. చేపలు పట్టుకున్నారు, చేతిపనులు చేసుకున్నారు, ఊరి చివర బీడుల్లో గుడిసెలు వేసుకున్నారు. వారు సోమరులని భూస్వాములు ప్రచారం చేశారు. తనను కొట్టిన కొరడా కింద మళ్ళీ వంగనన్నవాడు సోమరి ఎలా అవుతాడు?

ఇక్కడే మనవాళ్ళు ప్రవేశిస్తారు. 1834 నవంబరు 2న "అట్లాస్" అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను తెచ్చి పోర్ట్ లూయీలో దించింది. బ్రిటిషు ప్రభుత్వం దీన్నొక "మహాప్రయోగం" అన్నది. బానిస లేకుండా బానిస చాకిరీ రాబట్టవచ్చునా అన్నదే ఆ ప్రయోగం. నెలకు 5 రూపాయల జీతం, బియ్యం, పప్పు, ఏడాదికి కాసిన్ని బట్టలు, అయిదేళ్ళ ఒప్పందం. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది ఆ రేవులో దిగారు. పెద్ద భాగం బీహారు, తూర్పు సంయుక్త పరగణాల వారు; తరువాత మద్రాసు రాజధాని వారు; కొద్దిమంది బొంబాయి వైపు వారు. దిగిన ప్రతివాడికీ ఒక అంకె ఇచ్చారు. పేరు మరచినా ఫర్వాలేదు, అంకె మరవరాదు. 1871 నాటికి దీవి జనాభాలో మూడింట రెండు వంతులు భారతీయులే.

తెలుగువాళ్ళు ఎందుకు వెళ్ళారో తెలియాలంటే 1830 దశాబ్దపు సర్కారు జిల్లాలను చూడాలి. 1832-33, నందన నామ సంవత్సరం. గుంటూరు సీమలో ఆ కరువు లక్షన్నర మందికి పైగా పొట్టన పెట్టుకున్నది. కంపెనీ ప్రభుత్వం మాత్రం పన్ను వసూలు ఆపలేదు. గోదావరికి ఆనకట్ట లేదు. అది పూర్తి అయ్యేది 1852లో. రాజమహేంద్రవరం జిల్లా జనాభా పెరగటానికి మారుగా తరిగిపోయిందని 1844లో మాంట్‌గొమరీ నివేదికే ఒప్పుకున్నది. ఇంగ్లండు మిల్లుగుడ్డ వచ్చి నేతగాళ్ళ మగ్గాలు మూలపడ్డాయి. పడమట పన్ను, ఇంట పస్తు, తూర్పున సముద్రం. గోదావరి ముఖద్వారాన కోరంగి రేవు. మేస్త్రీ వచ్చి సముద్రం దాటితే జీతం, అన్నం అన్నాడు. గంజాం, విశాఖపట్నం, గోదావరి మండలాల నుంచి జనం ఓడ ఎక్కారు. 1839 నవంబరులో ఉప్పెన కోరంగిని తుడిచిపెట్టింది. రేవు ఆ తరువాత ఎన్నడూ కోలుకోలేదు. కాని మారిషస్‌లో తెలుగువాడిపేరు చాలా కాలం "కోరంగి"గానే ఉండిపోయింది. రేవు చచ్చిపోయింది, ఓడ ఎక్కినవాడి ఒంటిమీద దాని పేరు మిగిలింది. వారితో ఏ ప్రబంధమూ వెళ్ళలేదు. సింహాద్రి అప్పన్న వెళ్ళాడు, అమ్మోరు వెళ్ళింది, రామభజన వెళ్ళింది. నేటికీ అక్కడి తెలుగువాళ్ళు అప్పన్న పూజ, అమ్మోరు పండుగ చేస్తారు. ఎవరు వెళ్ళారో చెప్పటానికి ఇంతకంటె ఆధారం అక్కరలేదు. మన సభలోని పెద్దమనిషి "తెలుగు వెలుగు" అన్నది ఈ గుడ్డి దీపాన్నే. నాకు దానిమీద గౌరవం ఆయనకంటె తక్కువేమీ కాదు.

తోటలో వారికి ఎదురైంది ఏమిటి? ఒకరోజు పని మానితే రెండురోజుల జీతం కోత. జబ్బు చేసినా అంతే. దీన్ని అక్కడ "రెండు కోతలు" అంటారు. ఒప్పందం తీరి బయటపడినవాడు ఫొటో అంటించిన చీటీ జేబులో లేకుండా రోడ్డుమీదికి వస్తే దేశదిమ్మరి అని పట్టుకొని జైలులో వేసే చట్టం 1867లో చేశారు. ఆ సంవత్సరమే మలేరియా వేలాది మందిని బలిగొన్నది. చీటీ కోసం కచేరీకి నడవలేనివాడు కూడా నేరస్థుడే అయ్యాడు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిత్స్ అనే ఐరోపా జాతీయుడు కూలీల తరపున ఒక మహజరు తయారు చేశాడు. 9,401 మంది దానిపై సంతకాలో వేలిముద్రలో వేశారు. ఇందుకు ఫలితంగా భూస్వాముల మనిషి ఒకడు నడివీధిలో ఆయనను కొట్టాడు. కాని ఆ మహజరు వల్ల రాయల్ కమీషను వచ్చింది. 1875లో అది ఇచ్చిన నివేదిక కూలీలు చెప్పినదంతా నిజమేనన్నది. 1878లో చట్టం కొంత మెత్తబడింది. తమ మాటను కాగితంమీద పెట్టటం వల్ల లాభమున్నదని ఆ వేలాది నిరక్షరాస్యులు తెలుసుకోవటమే దానివల్ల కలిగిన పెద్ద మేలు అనుకుంటాను.

చక్కెర ధర పడిపోయిన ఆ రోజుల్లో భూస్వాములు తోటల అంచులను ముక్కలుచేసి అమ్మారు. కూడబెట్టిన కూలీలు, సర్దార్లు కొనుక్కున్నారు. భారతీయులలో చిన్న రైతులు, వారి మీద కొందరు పెద్ద రైతులు, ఒకరిద్దరు చక్కెర మిల్లు యజమానులు కూడా తయారయ్యారు. ముస్లిములలోనూ ఇదే కథ: గుజరాతు నుంచి టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన వర్తకుడు వేరు, ఒప్పందంమీద వచ్చి చెరకు నరికినవాడు వేరు. పల్లెలో అప్పుకు సరుకిచ్చే చీనా దుకాణదారుడు ఇంకొకడు. అనగా మతం పేరు ఒకటే అయినా లోపల వర్గాలు రెండు. ఈ సంగతి జనాభా పట్టికకు పట్టదు.

1936 ఫిబ్రవరిలో మారిస్ క్యూరే అనే క్రియోలు వైద్యుడు లేబరు పార్టీ స్థాపించాడు. ఎమ్మాన్యుయెల్ ఆంక్తీల్, పండిట్ సహదేవ్ ఆయనతో కలిశారు. బానిసల మనుమలు, కూలీల మనుమలు ఒకే బహిరంగ సభలో నిలబడ్డారు. ఆ దీవిలో అదొక కొత్త దృశ్యం. మరుసటి ఏడు చిన్న రైతులు పండించే ఊబా రకం చెరకుకు మిల్లుదారులు నూటికి 15 వంతులు ధర తగ్గించారు. ఆగస్టులో యూనియన్ ఫ్లాక్ తోటకు జనం ఊరేగింపుగా వచ్చారు. తోటవారు కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు. ఆ తోట ఫ్రెంచివారిది కాదు, భారతీయ కుటుంబానిది. ఈ ఒక్క వాస్తవం ఎన్నో ఉపన్యాసాల పెట్టు. 1938లో రేవు కార్మికులు సమ్మె చేస్తే గవర్నరు ఆంక్తీల్‌ను రోడ్రిగ్స్ దీవికి ప్రవాసం పంపాడు, క్యూరేను ఇంట్లో నిర్బంధించాడు. 1943 సెప్టెంబరు 27న బెల్‌వూ ఆరెల్ తోటలో కూలిరేట్ల కోసం సమ్మె చేస్తున్నవారిమీద పోలీసులు కాల్చారు. చనిపోయినవారిలో గర్భవతి అయిన అంజలై కూపెన్ ఉన్నది. ఆమె పేరు ఇప్పుడొక క్రీడారంగానికి పెట్టారు.

ఇంతవరకు ఓటు అనేది ఆస్తిపరుల సొత్తు. 1947 రాజ్యాంగం ఆ గోడకు ఒక కిటికీ తెరిచింది. దీవిలోని ఏ భాషలోనైనా సరళమైన వాక్యాలు చదవను, రాయను వస్తే స్త్రీకైనా పురుషుడికైనా ఓటు. అప్పుడు జరిగిన పని మనబోటి భాషోపాధ్యాయులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. బాసుదేవ్ విష్ణుదయాళ్ నడుపుతున్న జన ఆందోళన్ కార్యకర్తలు పల్లె పల్లెకూ వెళ్ళి, రాత్రిపూట లాంతర్ల వెలుగున చెరకు నరికే చేతులకు అక్షరాలు నేర్పారు. పదిహేనో రోజుకో నెలకో పేరు రాయటం, వాక్యం చదవటం వచ్చేది. వెళ్ళి ఓటరుగా నమోదయ్యేవారు. 12 వేలకు మించని ఓటర్లు 71 వేలు దాటారు. 1948 ఎన్నికలలో 19 స్థానాలలో భూస్వామి వర్గానికి దక్కింది ఒక్కటి. గవర్నరు ఏం చేశాడు? 12 మందిని తానే నామినేట్ చేశాడు. వారిలో అత్యధికులు పాతకాపులే. అయినా ఆ లాంతర్లను ఆర్పటం ఎవరివల్లా కాలేదు. 1959లో వయోజనులందరికీ ఓటు వచ్చింది.

సరిగ్గా ఇక్కడే గళ్ళ రాజకీయం పుంజుకున్నది. నూటికి ఇద్దరు కూడా లేని భూస్వాములు తమ పేరుతో ఎన్నిక గెలవలేరు గనుక, హిందువుల పాలన వస్తుందని క్రియోలు పేదలను భయపెట్టారు. లేబరు పార్టీలో కూడా కార్మికవర్గ భాష క్రమంగా తగ్గి, ఏ కులానికెన్ని టిక్కెట్లు, ఏ మతానికెన్ని మంత్రిపదవులు అనే బేరం ముందుకు వచ్చింది. శివసాగర్ రామ్‌గులామ్ నాయకత్వంలో 1967 ఆగస్టు ఎన్నికలలో స్వాతంత్ర్య పక్షానికి నూటికి 56 ఓట్లు, గేతన్ ద్యువాల్ నడిపిన వ్యతిరేక పక్షానికి 44 ఓట్లు వచ్చాయి. తన దేశపు స్వాతంత్ర్యానికి సగానికి సగమనిపించేటంత మంది పేదలు భయపడటం కంటె విషాదమేముంటుంది? 1968 జనవరిలో పోర్ట్ లూయీ పేటల్లో క్రియోలు, ముస్లిము పేదలు ఒకరినొకరు పొడుచుకున్నారు. మార్చి 12న జెండా ఎగిరేనాటికి బ్రిటిషు పటాలం ఇంకా వీధుల్లోనే ఉన్నది. మరి 1969లో? ఎన్నికలలో ఒకరినొకరు బూచిగా చూపించిన రామ్‌గులామ్, ద్యువాల్ ఒకే మంత్రివర్గంలో కూర్చున్నారు. ఎన్నికలు 1976 దాకా వాయిదా పడ్డాయి. చచ్చిపోయినవారు మాత్రం వేరువేరు శ్మశానాల్లో ఉన్నారు.

కొత్త రాజ్యాంగం గళ్ళను చట్టం చేసింది. 62 మంది ఎన్నికైన సభ్యులకు తోడు, ఓడినవారిలో నుంచి సముదాయాల తూకం కోసం 8 మందిని తీసుకోవాలి. ఇందుకుగాను అభ్యర్థి తాను హిందువో, ముస్లిమో, చీనా సంతతివాడో చెప్పాలి. ఈ మూడింటిలో దేనికీ చెందనట్టు జీవన విధానాన్నిబట్టి తోచినవాడు "సాధారణ జనాభా". ఈ నాలుగో గడిని కాస్త పరికించండి. బానిస మునిమనుమడు, ఆ బానిసను కొన్న భూస్వామి మునిమనుమడు ఇద్దరూ అందులోనే! తమిళుడు, తెలుగువాడు హిందూ గడిలో. మిల్లుదారుడు, మిల్లు కూలీ అదే గడిలో. సముదాయాల సమతౌల్యం అని దీనికి గౌరవనామం. మైనారిటీలకు రక్షణ అక్కరలేదని నేననను; ఆనాటి భయాలు కల్పితాలే అనటం కూడా న్యాయం కాదు. కాని ఈ తూకంలో ఎన్నడూ తూచనిది భూమి. 1982 తరువాత జనాభా లెక్కల్లో సముదాయమేదని అడగటం మానేశారు. తూకపురాళ్ళు మాత్రం 1972 లెక్కలవే. తాము ఏ గడికీ చెందమన్న అభ్యర్థుల నామినేషన్లు తిరస్కరించారు. వారు ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ దాకా వెళ్ళగా, ఆ కమిటీ 2012లో వారి వాదాన్ని సమర్థించింది. 2014 ఎన్నికకు మాత్రం ఆ ప్రకటన చెయ్యకపోయినా ఫర్వాలేదని తాత్కాలిక సవరణ తెచ్చారు.

స్వాతంత్ర్యానికి బ్రిటిషువారు పుచ్చుకున్న వెల కూడా చెప్పుకోవాలి. 1965లో చాగోస్ దీవులను మారిషస్ నుంచి విడగొట్టి 30 లక్షల పౌన్లు చేతిలో పెట్టారు. డీగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1968-73 మధ్య ఆ దీవుల జనాన్నంతా తరిమి, పోర్ట్ లూయీ మురికిపేటల్లో, సీషెల్స్‌లో వదిలేశారు. వారి పెంపుడు కుక్కలను పొగపెట్టి చంపారు. వారు కొబ్బరితోటల బానిసల సంతతి. లె మోర్న్ కొండ వారికి బంధువు. వారి స్త్రీలు నిరాహారదీక్షలు చేశారు, కోర్టులకెక్కారు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విభజన అక్రమమన్నది. 2025 మే 22న కుదిరిన ఒప్పందం దీవులమీద సార్వభౌమత్వం మారిషస్‌దంటూనే, డీగో గార్సియాను 99 ఏళ్ళపాటు బ్రిటనుకు వదిలింది. మమ్మల్ని అడిగిందెవరని చాగోస్ ప్రజలలో చాలామంది అంటున్నారు. న్యాయమైన ప్రశ్నే.

గళ్ళను చెరపటానికి గట్టి ప్రయత్నం 1969 తరువాత జరిగింది. ఆ ఏడు పుట్టిన మారిషస్ మిలిటెంట్ ఉద్యమానికి ముగ్గురు యువకులు ముందు నిలిచారు: ఫ్రెంచి సంతతివాడైన పాల్ బెరాంజె, హిందూ గడిలోని దేవ్ వీరాస్వామి, ముస్లిము గడిలోని జునీద్ జీరూబర్కన్. 1971లో రేవు, రవాణా కార్మికుల సమ్మెలతో దీవి స్తంభించింది. డిసెంబరులో అత్యవసర పరిస్థితి, పత్రికలమీద ఆంక్షలు, నాయకులకు చెరసాల. 1975 మే 20న విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. రాజధాని వైపు కవాతు చేస్తున్న పిల్లలను పోలీసులు వంతెన దగ్గర అడ్డగించి భాష్పవాయువు వదిలారు. ఆ ఏడాది చివరికి 18 ఏళ్ళకే ఓటు, 1977 నుంచి ఉచిత మాధ్యమిక విద్య వచ్చాయి. ఈ రెండూ ఎవరి దయాధర్మమూ కాదని మన విద్యార్థులు గుర్తించాలి. 1982లో ఆ ఉద్యమం, దాని మిత్రపక్షం ప్రధానదీవిలోని 60 స్థానాలూ గెలిచాయి. తొమ్మిది నెలలు తిరిగేసరికి చీలిపోయాయి.

ఆ చీలికకు ఆర్థిక విధానంమీద తగవులు కారణమే. కాని నిప్పు రాజేసింది ఒక పాట. 1983 మార్చి 12న, స్వాతంత్ర్య దినంనాడు, టెలివిజన్‌లో జాతీయగీతం క్రియోలులో వినిపించింది. దేశంలో పదిమందిలో ఎనిమిదిమందికి పైగా ఇంట్లో మాట్లాడే భాష అది. అయినా, మా పూర్వుల భాషలను అణచటానికే ఇది అన్నారు ఒకరు. చదువురానివాడి భాషలో జాతీయగీతమా అన్నారు మరొకరు. హిందీవాది, ఫ్రెంచివాది ఒకే నోటితో మాట్లాడిన అరుదైన సందర్భమది. కార్మికులను ఒక్కటి చేసిన ఉద్యమం వారి నోటిమాట దగ్గరకు వచ్చేసరికి కాలు జారింది.

మన గిడుగు రామమూర్తి పంతులును ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. కోరంగి ఓడలు ఎక్కినవారి గంజాం సీమలోనే, పర్లాకిమిడిలో కూర్చుని, ప్రజలు మాట్లాడే భాష బడికి ఎందుకు పనికిరాదని ఆయన అడిగాడు. సవరలకు వారి భాషలోనే వాచకాలు రాశాడు. మారిషస్‌లో ఆ ప్రశ్నను దేవ్ వీరాస్వామి ఎత్తుకున్నాడు. రాజకీయం చేసి చెరసాల చూసినవాడు. ఆ పైన జీవితమంతా క్రియోలులో నాటకాలు రాశాడు, షేక్స్పియరును ఆ భాషలోకి తెచ్చాడు. ఒక దీవి, ఒక యజమాని, ఒక బానిస ఉన్న "టెంపెస్ట్" ఆధారంగా 1991లో ఆయన రాసిన నాటకం పేరు "తుఫాన్". మాట మనకూ తెలిసినదే. అందులో యజమాని కూతురు మనసిచ్చేది కాలిబాన్‌కు. 2023లో ఆయన మరణించాడు. క్రియోలు ప్రాథమిక పాఠశాలలో ఐచ్ఛిక విషయమైంది 2012లో. అంతకుముందు హిందీ, తమిళం, తెలుగు, ఉర్దూ, మరాఠీ, చీనా భాషల తరగతులున్నాయి. పిల్లవాడు తన పూర్వుల భాష తరగతికి వెళ్ళేవాడు. బానిసల సంతతి పిల్లవాడికి వెళ్ళటానికి తరగతి లేదు. అతడి పూర్వుల భాషను ఓడలోనే చంపారు. అతడు కల్పించుకున్న భాషను బడి గుర్తించలేదు.

తెలుగు తరగతి నాకు అక్కరలేనిదా? తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి, అలా ఎలా అంటాను? 1947లో అక్కడి తెలుగువాళ్ళు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభ అక్కడ జరిగింది. కూలివాడి మనుమరాలు అక్షరాలు దిద్దుకుంటుంటే సంతోషించనివాడెవడు? కాని మనం ఇక్కడినుంచి పంపే అభిమానం ఆమెను ఏ గడిలోకి నెడుతున్నదో చూసుకోవాలి. పక్కింటి క్రియోలు పిల్లతో ఆమె ఆడుకునే భాష క్రియోలే. ఫిబ్రవరి 1 బానిసత్వ నిషేధ దినం, నవంబరు 2 ఒప్పంద కూలీలు దిగిన దినం, రెండూ సెలవులే. కూలీలు దిగిన రేవుమెట్లు 2006లో, లె మోర్న్ కొండ 2008లో ప్రపంచ వారసత్వ స్థలాలయ్యాయి. ఒకే చెరకుతోట చరిత్రకు రెండు పండుగలు, రెండు స్మారకాలు, రెండు రకాల జనం. ఒకరి తద్దినానికి మరొకరు వెళ్ళటం అరుదు.

1970 నుంచి ఎగుమతి మండలాలు వచ్చాయి; చెరకుతోటల ఆడపిల్లలు బట్టల మిల్లులకు మారారు. హోటళ్ళు లేచాయి, సగటు ఆదాయం పెరిగింది. ఈ అభివృద్ధిని కాదనను. కాని 1999 ఫిబ్రవరిలో కాయా అనే గాయకుడు పోలీసు కొట్టులో చనిపోయినప్పుడు మూడు నాలుగు రోజులు దీవి తగలబడింది. సెగ పాటకు రెగ్గే లయ కలిపినవాడు అతడు. క్రియోలు పేటల బిడ్డ. అభివృద్ధి ఏ పేటల దాకా వచ్చి ఆగిపోయిందో ఆ మంటల్లో కనిపించింది. ఇవాళ బట్టల మిల్లుల్లో బంగ్లాదేశ్ నుంచి, మన దేశం నుంచి, నేపాల్ నుంచి, మడగాస్కర్ నుంచి ఒప్పందంమీద వచ్చిన కూలీలు పనిచేస్తూ, యజమాని ఇచ్చిన వసతిగృహాల్లో పడుకుంటున్నారు. వారు ఏ గడిలోనూ లేరు.

2020 జూలై 25న జపాను యాజమాన్యంలోని వకాషియో అనే ఓడ దీవి ఆగ్నేయ తీరాన పగడపు దిబ్బ ఎక్కింది. పన్నెండు రోజులు ప్రభుత్వం చూస్తూ కూర్చున్నది. ఆగస్టు 6న ఓడ నుంచి నూనె కారింది. వెయ్యి టన్నుల నల్లనూనె మాయెబూర్ సముద్రాన్ని కమ్మింది. అప్పుడు జనం ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగలేదు. బెస్తవాళ్ళు, బడిపిల్లలు, తోట కూలీలు, ఆడవాళ్ళు ఒడ్డున చేరి గుడ్డసంచులు కుట్టారు, వాటిలో ఎండు చెరకు ఆకు కూరారు, తలవెంట్రుకలు కత్తిరించి కూరారు. ఆ సంచులను ఒకదానికొకటి కట్టి మైళ్ళకొద్దీ తాడులాగా నీటిమీద పరిచి నూనెను ఆపారు. ఆ నెల 29న వేలాది మంది నల్లబట్టలు కట్టుకుని పోర్ట్ లూయీలో ఊరేగారు. మాయెబూర్ ఒడ్డున సంచులు కుడుతూ వారు మాట్లాడుకున్న భాష క్రియోలు.